చల్లటి పొద్దున చోక్ లాగితే...

డిసెంబరు నెల. తెల్లవారుజామున నాలుగున్నర. నర్సీపట్నంలో మా వీధంతా మంచు కమ్మేసింది. ఆ రోజు చెల్లికి విశాఖపట్నంలో పరీక్ష. నాన్న మారుతి 800 తాళం తిప్పారు. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజిను ఎత్తుకోవడం లేదు. చోక్ పూర్తిగా లాగి మళ్లీ తిప్పారు. ఊహూ! పదోసారికి బ్యాటరీ కూడా నీరసించింది. నేనూ పక్కింటి బాబాయిగారూ కలిసి వీధి చివరిదాకా తోశాం. లాభం లేకపోయింది. చివరికి చెల్లి అనకాపల్లి వెళ్లే పాలవ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని, అక్కడ బస్సు మారి, గేటు మూసేవేళకు హాల్లో పడింది.

దోషం కార్బ్యురేటర్‌దేనని మెకానిక్ తేల్చేశాడు. నాన్న కొత్తది వేయించారు. బడిపంతులు జీతంలో అదెంత భారమో వేరే చెప్పాలా? వారం తిరక్కుండానే మళ్లీ అదే తంతు. ఇక బండి అమ్మేద్దామనుకుంటుండగా, అంబాసిడర్లు బాగుచేసే ముసలి మేస్త్రి ఒకాయన వచ్చి బానెట్ ఎత్తారు.

‘‘మాస్టారూ, లోపల కూర్చుని చోక్ లాగండి.’’

‘‘లాగాను మేస్త్రీ.’’

‘‘లాగారు సరే, ఇక్కడ రేకు కదల్లేదండీ!’’

తీగను పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైంది. నాన్న లాగుతున్నది ఉత్త తీగనే. కొత్త కార్బ్యురేటర్ పెట్టినతనూ ఆ స్క్రూను సరిగ్గా బిగించలేదన్నమాట. మేస్త్రి పావుగంటలో పని ముగించి టీ తాగి వెళ్లిపోయారు.

ఇంతకీ ఆ రేకు చేసే పనేమిటి? పెట్రోలు గాలితో కలిస్తేనే చక్కగా మండుతుంది. ఒక కిలో పెట్రోలుకు దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. అది వేడెక్కిన ఇంజిను లెక్క. చల్లటి ఇంజిన్లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. సగం తుంపరలు గొట్టం గోడలకే అంటుకుపోతాయి. సిలిండర్లోకి చేరేది చాలదు. తడి కట్టెలు రాజుకోవాలంటే అమ్మ కిరసనాయిలు కాస్త ఎక్కువ పోసేది కదా, ఇదీ అంతే. చోక్ లాగితే కార్బ్యురేటర్ మూతి దగ్గరున్న రేకు మూసుకుంటుంది. గాలి తగ్గుతుంది, లోపలి పీల్పు పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది. ఇంజిను ఆగిపోకుండా ఐడ్లింగ్ వేగాన్ని కూడా అదే లివర్ కాస్త పెంచుతుంది. అన్ని కార్లలోనూ ఈ రేకు ఉండదండోయ్. పాత అంబాసిడర్‌కు వచ్చిన ఎస్‌యూ కార్బ్యురేటర్లో చోక్ లాగితే జెట్ కిందికి దిగుతుంది. దారి వేరైనా ఫలితం ఒక్కటే.

మారుతి 800 మొదటి కారు తాళాలు 1983 డిసెంబరు 14న ఢిల్లీలో కొనుగోలుదారు చేతికందాయి. ఆ తర్వాత ఎన్ని మధ్యతరగతి ఇళ్లలో అది ఇంటిమనిషైందో! 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగిశాక ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి చోక్‌ను సాగనంపింది. 2014లో మారుతి 800, అంబాసిడర్ రెండూ తయారీ ఆగిపోయాయి. అయినా కార్బ్యురేటర్ బండిని ప్రాణంగా చూసుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మాదీ అలాంటిదే.

మీ ఇంట్లోనూ ఉంటే, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. తాళం తీసేసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పైమూత, అవసరమైతే డబ్బా కూడా విప్పండి. ఒకరు లోపల కూర్చుని చోక్ పిడి పూర్తిగా లాగాలి. రేకు అడ్డంగా పడి మూసుకోవాలి. పిడి లోపలికి నొక్కేస్తే నిటారుగా నిలబడి పూర్తిగా తెరుచుకోవాలి. రెండిట్లో ఏది తేడా వచ్చినా తీగను సరిచేయాలి. పిడి పూర్తిగా లోపలికి నొక్కి, లివర్ దగ్గర తీగను పట్టుకున్న స్క్రూ వదులు చేయండి. రేకును చేత్తో పూర్తిగా తెరిచి పట్టుకుని, తీగలో కొద్దిపాటి వదులు ఉంచి స్క్రూ బిగించండి. బిగుతుగా లాగి కట్టారో, పిడి లోపలికి నొక్కినా రేకు కొంచెం మూసుకునే ఉంటుంది. పైతొడుగును పట్టే క్లిప్పూ గట్టిగా ఉందో లేదో చూడండి. చాలామంది దాన్ని మరిచిపోతారు. తొడుగు జారితే లోపలి తీగ ఎంత బిగించినా దండగే. బిగించాక రెండుమూడుసార్లు లాగి నొక్కి చూడాలి. తీగ తుప్పుపట్టి బిరుసెక్కితే కొత్తది వేయించుకోవడమే మేలు.

చోక్ రాకపోవడం ఒక బాధైతే, వెనక్కి పోకపోవడం అంతకన్నా పెద్ద బాధ. నల్లపొగ, పెట్రోలు వాసన, మసిబారిన ప్లగ్గులు, పడిపోయిన మైలేజీ... ఇవన్నీ దాని గుర్తులు. మండని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేసి కిందకు దిగుతుంది. ఇంజిను అరుగుతుంది. కాలుష్య పరీక్షలోనూ బండి తప్పుతుంది. మా బాబాయిగారు చోక్ పిడికి కూరగాయల సంచి తగిలించేవారు, మైలేజీ రావడం లేదని పెట్రోలు బంకువాణ్ని తిట్టేవారు!

బండి స్టార్టయ్యాక పిడిని మెల్లమెల్లగా లోపలికి నెట్టాలి. రెండుమూడు నిమిషాల్లో చాలావరకు, ఇంజిను వేడెక్కాక పూర్తిగా. మూసిన షెడ్డులో మాత్రం స్టార్ట్ చేయొద్దు. చోక్ మీదున్నప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడ్ బాగా ఎక్కువ, దానికి రంగూ వాసనా ఉండవు. బండి ఎత్తుకోలేదని కార్బ్యురేటర్లో పెట్రోలు పోసి తాళం తిప్పేవాళ్లున్నారు. వెనక్కి మంట తన్నితే ముఖమే కాలుతుంది.

ఈమధ్య మరో చిక్కు వచ్చిపడింది. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే మామూలైంది. ఇథనాల్ ఆవిరవడానికి వేడి ఎక్కువ కావాలి. పాత జెట్ల నుంచి వచ్చే మిశ్రమమూ పలచనవుతుంది. అందుకే చలి పొద్దుల్లో చోక్ అవసరం ఇదివరకటికన్నా పెరిగింది. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు మెత్తబడి కారే ప్రమాదమూ ఉంది కాబట్టి బానెట్ ఎత్తినప్పుడు వాటినీ తడిమి చూడండి.

మా బండి ఇప్పుడు చెల్లి దగ్గరుంది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు బానెట్ ఎత్తి నాన్నని లోపల కూర్చోబెట్టింది.

‘‘నాన్నా, చోక్ లాగు.’’

‘‘లాగానే!’’

‘‘ఆఁ, కదిలింది.’’