ఒంటి వేడికి ఫోటో
(మహిళా కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



పిల్లవాడు బడినుంచి వస్తూనే సంచీ ఒక మూల పడేసి, అన్నం వద్దని ముడుచుకు పడుకున్నాడనుకోండి. మనం మొట్టమొదట చేసే పనేమిటి? నుదుటిమీద చెయ్యి వేస్తాం. చాలామందిమి అరచెయ్యి కాకుండా చేతి వెనకవైపు ఆనించి చూస్తాం. తరవాత మెడకింద, ఆ తరవాత పొట్టమీద. "ఒళ్ళు కాలిపోతోందే!" అంటాం. ఈ విద్య మనకి ఏ కాలేజీలోనూ నేర్పలేదు. అమ్మ చేస్తుంటే చూసి నేర్చుకున్నాం.

ఇవాళ నేను చెప్పబోయే థర్మల్ కెమెరా కూడా ఈ పనే చేస్తుంది. కాకపోతే ముట్టుకోకుండా చేస్తుంది, మన చేతికంటే ఎన్నో రెట్లు సూక్ష్మంగా చేస్తుంది. అది చెప్పే మాట ఎంతవరకు వినాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆడవాళ్ళం తప్పకుండా తెలుసుకోవాలి. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని. డాక్టర్ని కాను. మా ఇంట్లో జరిగిన ఒక సంగతివల్ల ఈ విషయం అడిగి, చదివి తెలుసుకోవలసి వచ్చింది. ఆ సంగతి కూడా చెబుతాను.

ముందు కెమెరా సంగతి చూద్దాం. 1800 సంవత్సరంలో ఇంగ్లండులో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకిరణాన్ని గాజు పట్టకం గుండా పంపి, విడిపోయిన రంగుల దగ్గర థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు రంగు కూడా దాటిపోయి, కంటికి ఏ వెలుగూ కనపడని చోట పెడితే, అక్కడా వేడి ఎక్కింది! కంటికి కనపడని ఆ కిరణాలనే పరారుణ కిరణాలు అంటున్నాం. పొయ్యిమీంచి దింపిన గిన్నెనుంచీ, ఇస్త్రీ పెట్టెనుంచీ, మన ఒంటినుంచీ కూడా ఇవి ఎప్పుడూ వెలువడుతూనే ఉంటాయి. వేడి పెరిగినకొద్దీ ఎక్కువ వస్తాయి.

2020లో కరోనా రోజుల్లో దుకాణం ముందర నుదుటికి తుపాకీలాగా గురిపెట్టి చూసిన థర్మామీటరు గుర్తుంది కదూ? అది పట్టుకున్నది ఈ కిరణాలనే. ఆ తుపాకీ ఒక్క చోటి వేడిని ఒక్క అంకెగా చెబుతుంది. థర్మల్ కెమెరా అలాంటి వేలకొద్దీ చోట్ల వేడిని ఒకేసారి కొలిచి బొమ్మగా చూపిస్తుంది. డిగ్రీలో పదో వంతు తేడా కూడా పట్టగలదు. ఇది ఒంట్లోకి ఏ కిరణాలనూ పంపదు. ఒంట్లోంచి వచ్చేవాటిని అందుకుంటుందంతే. అందుకని దీనివల్ల హాని లేదు.

ఆ ఫోటోలో ఎరుపు, పసుపు, నీలం రంగులు కనిపిస్తాయి. అవి ఒంటి రంగులు కావు. ఎంత వేడికి ఏ రంగు వెయ్యాలో ముందే మెషీనుకి చెప్పిపెడతారు. కాబట్టి ఎర్రగా కనిపించగానే గుండెలు బాదుకోనక్కరలేదు.

వేడికీ జబ్బుకీ సంబంధం ఏమిటి? వేలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టిందనుకోండి. ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, సలుపుతుంది. మొదటి శతాబ్దంలోనే రోము దేశపు సెల్సస్ అనే రచయిత ఈ నాలుగు గుర్తులూ రాసిపెట్టాడు. దీన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. దెబ్బ తగిలిన చోట రక్తనాళాలు వెడల్పై, అక్కడికి రక్తం ఎక్కువగా వస్తుంది. రక్తంతో పాటు వేడీ వస్తుంది. కీళ్ళవాతం ముదిరిన మోకాలు చేతికి వెచ్చగా తగిలేది ఇందుకే. దీనికి ఎదురు సంగతి కూడా ఉంది. రక్తం సరిగా అందని చోట చల్లబడుతుంది. చలికి వేళ్ళు తెల్లగా పాలిపోయి మొద్దుబారే రేనాడ్ జబ్బును పరిశీలించడానికి డాక్టర్లు ఈ ఫోటోలు తీస్తారు.

ఫోటో తీయడానికీ ఒక పద్ధతుంది. ఎండలోంచి వచ్చినదాన్ని వచ్చినట్టే నిలబెట్టి తీయకూడదు. మరీ వేడీ మరీ చలీ లేని గదిలో, ఫ్యాను గాలి తగలకుండా, తీయవలసిన చోట బట్ట తీసి పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాలి. ముందుగా వేడి కాఫీ తాగకూడదు, ఒంటికి క్రీములు రాయకూడదు. కుడివైపునూ ఎడమవైపునూ పోల్చి చూడాలి. ఇవేవీ లేకుండా శిబిరంలో గబగబా తీసేస్తే ఆ ఫోటోకి విలువ లేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా తోడికోడలుకి స్నానం చేస్తుంటే రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. నొప్పి లేదు. ఎవరికీ చెప్పలేదు. మన ఆడవాళ్ళ సంగతి తెలుసు కదా! అదే సమయంలో వాళ్ళ ఊళ్ళో ఒక శిబిరం పెట్టారు. నొప్పి ఉండదు, ముట్టుకోరు, ఎక్స్‌రే లేదు, ఫోటో తీస్తే చాలు అన్నారు. సిగ్గుపడే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? వెళ్ళి తీయించుకుంది. అనుమానించదగ్గదేమీ లేదని కాగితం ఇచ్చారు. వాళ్ళు గడ్డ ఉందా అని అడగలేదు, తను చెప్పలేదు.

ఐదు నెలలు గడిచాయి. వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు అప్పడాలు ఒత్తుతూ మాటల్లో నెమ్మదిగా, "అక్కయ్యా, ఫోటోలో ఏమీ లేదన్నాక గడ్డ పెద్దదవుతుందా?" అంది. నా చేతిలో అప్పడాల కర్ర అలాగే ఉండిపోయింది. మర్నాడే ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. చేత్తో చూశారు, మామోగ్రామ్ తీశారు, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. కాన్సరే. ఆపరేషన్ చేశారు, తరవాతి చికిత్స కూడా జరిగింది. ఆ చల్లని తల్లి దయవల్ల ఇప్పుడు బాగానే ఉంది. మొన్న సంక్రాంతికి అరిసెల పాకం తనే పట్టింది. కాని ఆ ఐదు నెలలూ ఊరికే పోయాయి కదా అన్న బాధ నాకు పోలేదు.

మరి ఫోటోలో ఎందుకు తెలియలేదు? ఈ కెమెరా చూసేది చర్మం మీది వేడినే. లోతుగా ఉన్న గడ్డ, మందకొడిగా పెరిగే గడ్డ చర్మాన్ని వేడెక్కించకపోవచ్చు. అలాగే కాన్సరు లేకపోయినా, పాలిచ్చే తల్లికి రొమ్ము వాచి చీము పడితే బొమ్మ ఎర్రగా వెలిగిపోతుంది. వేడి ఉందనే చెబుతుంది గాని, ఎందుకుందో చెప్పలేదు.

ఇది ఎప్పుడో తేలిన సంగతే. 1956లో కెనడాలోని మాంట్రియల్‌లో రే లాసన్ అనే సర్జను, కాన్సరున్న రొమ్ము మీద చర్మం వెచ్చగా ఉండడం గమనించి ప్రకటించాడు. ఎంతో ఆశ కలిగింది. 1973లో అమెరికాలో సుమారు 2 లక్షల 80 వేల మంది స్త్రీలకు రొమ్ము పరీక్షలు చేసే పెద్ద కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, మామోగ్రామ్‌తో పాటు ఈ ఫోటో కూడా చేర్చారు. బయటపడిన కాన్సర్లలో సగం కూడా ఫోటోకి చిక్కలేదు. మధ్యలోనే దాన్ని మానేశారు. ఈమధ్య కంప్యూటరు చేత ఫోటోలు చదివించి మెరుగుపరచాలని మన దేశంలోనూ కృషి జరుగుతోంది. మంచిదే. అయినా మామోగ్రామ్‌కి ఇది బదులు కాదని అమెరికాలో వైద్య పరికరాలను పర్యవేక్షించే ఎఫ్.డి.ఏ. సంస్థ 2019లో కూడా హెచ్చరించింది.

మామోగ్రామ్ అంటే తక్కువ మోతాదు ఎక్స్‌రే. నొక్కి తీస్తారు, కాస్త నొప్పి పెడుతుంది. కొన్ని క్షణాల పని. చేతికి తగలనంత చిన్నవి కూడా అందులో దొరుకుతాయి. మన ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చెయ్యాలని ఉంది. మీ ఊరి ఏ.ఎన్.ఎం.ని అడగండి. గడ్డ, చర్మం సొట్టపడడం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, చంకలో గడ్డ - వీటిలో ఏది కనిపించినా, ఏ ఫోటో ఏం చెప్పినా సరే, డాక్టరుకి చూపించండి.

అయితే ఈ వేడి చూసే విద్య ఎందుకూ పనికిరాదనుకోకండి. బాగా పనికొచ్చే చోటు ఒకటుంది. అది సుగరు జబ్బు మనిషి పాదం. చాలాకాలం సుగరున్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ పోతుంది. చెప్పు కరిచినా తెలియదు. నొప్పి చెప్పవలసిన కబురు అక్కడ వేడి చెబుతుంది. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతులూ కాళ్ళూ పరీక్షించి, స్పర్శ లేకపోవడంవల్లే అవి పాడవుతున్నాయని గ్రహించారు. 1966లో అమెరికాలోని కార్విల్‌కి వెళ్ళాక, పుండు పడకముందే వేడెక్కే చోట్లను ఈ ఫోటోలతో కనిపెట్టడానికి కృషి చేశారు. ఒక పాదంలో ఒక చోటుకీ, రెండో పాదంలో అదే చోటుకీ 2.2 డిగ్రీల సెంటీగ్రేడు కంటే ఎక్కువ తేడా ఉంటే ప్రమాద సూచనగా తీసుకుంటారు.

మన ఇంట్లో కెమెరా లేకపోతేనేం? రాత్రి పడుకోబోయే ముందు మీ అత్తగారి పాదాలు, మీవారి పాదాలు రెండూ పక్కపక్కన పెట్టించి, వేళ్ళ మధ్యా అరికాలూ మడమా చూడండి. చేతి వెనకవైపు ఆనించి రెండూ పోల్చండి. ఒకచోట వెచ్చగా తగిలితే ఆ కాలిమీద నడక తగ్గించి, మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. అలాంటి కాలికి వేడినీళ్ళ కాపడం మాత్రం పెట్టకండి. బొబ్బలెక్కినా వాళ్ళకి తెలియదు. వెచ్చదనం తగలకపోయినా పుండుగాని, రంగు మారడంగాని కనిపిస్తే అదీ చూపించవలసిందే.

ఒంటి వేడి మనకి కబురు మాత్రమే. కబురు వస్తే లేచి వెళ్ళి చూడాలి. రాలేదు కదా అని, చేతికి తగిలిన గడ్డను దాచుకోకూడదు. ఈ ప్రసంగం అయ్యాక మీ తోడికోడలినో, వదిననో, పక్కింటి పిన్నిగారినో ఒక్కమాట అడగండి. సిగ్గుపడి ఊరుకున్నవాళ్ళు మన చుట్టూనే ఉంటారు. మనం అడిగితే చెబుతారు.