ఇంట్లో శ్వాస యంత్రం వాడేవారికి ఏ మాస్కు మంచిది?

డిశ్చార్జి రోజున మీ చేతికి ఒక యంత్రం, ఒక గొట్టం, ఒక మాస్కు వస్తాయి. యంత్రం గురించి అందరూ అడుగుతారు. కరెంటు ఎంత కాలుతుంది, ఎన్నేళ్లు వస్తుంది, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు అని. మాస్కు గురించి మాత్రం ఎవరూ అడగరు. కానీ రాత్రంతా రోగి ముఖం మీద ఉండేది మాస్కే. అది సరిపోకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా గుడ్డ కప్పుకొని మూలన కూర్చుంటుంది.

మన వైపు ఊపిరితిత్తులు చెడిపోవడానికి కారణాలు మీకు తెలిసినవే. కట్టెల పొయ్యి పొగ, చుట్ట, బీడీ, బొగ్గు గనుల దుమ్ము, ఎప్పుడో వచ్చి తగ్గిన క్షయ మిగిల్చిన మచ్చలు. ఇలా దెబ్బతిన్న ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్ అనే చెడుగాలిని పూర్తిగా బయటకు పంపలేవు. నిద్రలో శ్వాస ఇంకా నెమ్మదిస్తుంది కాబట్టి రాత్రిపూట అది రక్తంలో పేరుకుంటుంది. తెల్లవారి తలనొప్పి, పగలంతా మగత, మాట తడబడడం అందువల్లనే. బైపాప్ యంత్రం పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడితో, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితో గాలినిచ్చి అలసిన ఛాతీ కండరాలకు సాయం చేస్తుంది. ఇది ఆక్సిజన్ సిలిండరు కాదు. ఈ రెండింటినీ ఒకటే అనుకునేవారు చాలామంది.

ఈ సాయం చిన్నదేమీ కాదు. 2014లో జర్మనీ, ఆస్ట్రియా వైద్యులు చెడుగాలి పేరుకున్న 195 మంది సీఓపీడీ రోగులపై చేసిన పరిశోధన ఫలితాలు ప్రచురించారు. ఇంట్లో యంత్రం వాడినవారిలో ఏడాది లోపల 12 శాతం మంది చనిపోగా, వాడనివారిలో 33 శాతం మంది చనిపోయారు. చెడుగాలి నిజంగా తగ్గేంత ఒత్తిడి పెట్టి, రోజూ వాడించారు కనుకనే ఆ ఫలితం వచ్చింది. మాస్కు పక్కనుంచి గాలి కారిపోతే ఆ ఒత్తిడి లోపలికి చేరదు.

అయితే మాస్కు నుంచి వచ్చే గాలి అంతా వృథా కాదు. ఇది బాగా గుర్తుంచుకోండి. దుమ్ముగూడెం వైపు నుంచి ఒక పెద్దాయనను తెల్లవారుజామున ఆటోలో తీసుకొచ్చారు. పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూస్తున్నాడు. "రాత్రంతా మిషన్ పెట్టాం సిస్టరమ్మా, గాలి కూడా పోనివ్వలేదు" అంది కోడలు. మాస్కు చూస్తే ముందున్న సన్నటి రంధ్రాలన్నిటి మీదా ప్లాస్టరు అంటించి ఉంది. ఆమె తప్పేమీ లేదు, ఆ రంధ్రాలు ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు. రోగి వదిలిన చెడుగాలి బయటకు పోయే దారి అదే. అది మూస్తే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాడు. పెద్దాయన కోలుకొని ఇంటికి వెళ్లాడు. అప్పటినుంచి నేను మాస్కు ఇచ్చే ముందు ఇంటివారి వేలు పట్టుకొని ఆ రంధ్రాల మీద పెట్టి చూపిస్తున్నాను.

ఐసీయూలో వాడే కొన్ని మాస్కులకు ఈ రంధ్రాలే ఉండవు. అక్కడి పెద్ద యంత్రానికి చెడుగాలి పోయేందుకు వేరే ఏర్పాటు ఉంటుంది. సాధారణంగా ఇలాంటి మాస్కుకు గొట్టం తగిలించే వంపు ముక్క నీలం రంగులో ఉంటుంది. "కొత్తదే కదా, పనికొస్తుంది" అని దాన్ని ఇంటి యంత్రానికి తగిలించకండి. యంత్రం నడుస్తుండగా మాస్కు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. రంధ్రాల్లోంచి సన్నగా, ఆగకుండా గాలి తగలాలి. తగలకపోతే గొట్టానికి వేరే గాలి రంధ్రం ఉందో లేదో మాకు చూపించిన తర్వాతే వాడండి.

ఇక మాస్కు ముక్కు వరకా, ముక్కూ నోరూ కలిపా? ముక్కు మాస్కు తేలిక. మాట్లాడవచ్చు, కఫం ఉమ్మవచ్చు, ఊపిరాడనట్టు భయం తక్కువ. కానీ నోరు మూసుకొని నిద్రపోయేవారికే అది సరిపోతుంది. పళ్లు లేని ముసలివారికి నిద్రలో నోరు తెరుచుకొని, ముక్కులో పోసిన గాలి నోట్లోంచి పోతుంది. వారికి ముక్కూ నోరూ కప్పే మాస్కే నయం. దానితో ఒక ప్రమాదం ఉంది. వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకని కడుపునిండా తిన్న వెంటనే పెట్టకూడదు. చేతులు ఆడక మాస్కు తానే తీసుకోలేని మనిషికి అది పెట్టి ఒంటరిగా వదలకూడదు. కరెంటు పోయి యంత్రం ఆగితే వెంటనే తీసేయాలి. గాలివానల రోజుల్లో పక్కనే ఎవరైనా పడుకోండి.

కొలత విషయంలో పిల్లలకు చెప్పులు కొన్నట్టు "ఒక సైజు పెద్దది" అడుగుతారు. మాస్కుకు అది పనికిరాదు. పెద్దదైతే గాలి కళ్లలోకి కొడుతుంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు ముక్కు మాస్కు చికిత్సను లోకానికి తెలిపిన రోజుల్లో ఒక్కో రోగి ముక్కుకు అచ్చు తీసి మాస్కు చేసేవారు. ఇప్పుడు చిన్న, మధ్య, పెద్ద సైజులే ఉన్నాయి కాబట్టి పెట్టి చూడడమే దారి. రోగిని పడుకోబెట్టి, యంత్రం నడుపుతూ చూడాలి. కూర్చున్నప్పుడు సరిపోయింది పడుకుంటే జారుతుంది. కట్టుడు పళ్లు పెట్టుకొని నిద్రపోయే అలవాటుంటే వాటితోనే చూడండి. గుబురు మీసం, గడ్డం ఉంటే గాలి కారుతుంది. మీసం తీయమంటే కోపగించుకున్నవారూ ఉన్నారు, కత్తిరించినా చాలు.

గాలి కారగానే పట్టీలు బిగించేస్తారు. బిగించేకొద్దీ మెత్త నలిగి ఇంకా కారుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. పట్టీ కింద వేలు దూరేంత వదులు ఉండాలి. కారుతుంటే మాస్కును కొంచెం ముందుకు లాగి మళ్లీ ఆనించండి, మెత్తలోకి గాలి నిండి సర్దుకుంటుంది. పొద్దున కనిపించే ఎర్రటి గీత కాసేపటికి పోతే భయం లేదు. పోకుండా ఉంటే పుండు కాకముందే చూపించండి. ముఖానికి కొబ్బరినూనె, వాసెలిన్ రాయకండి, మాస్కు జారుతుంది. మెత్తను రోజూ గోరువెచ్చని సబ్బునీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. డెట్టాలు, స్పిరిటు వద్దు, ఉడకబెట్టవద్దు. కొన్ని మాస్కుల క్లిప్పుల్లో అయస్కాంతం ఉంటుంది. రోగికి గానీ పక్కన పడుకునేవారికి గానీ గుండెకు పేస్‌మేకరు ఉంటే అలాంటిది వాడకండి.

మొదట్లో పగటిపూట కూర్చోబెట్టి, పట్టీలు కట్టకుండా, మాస్కును రోగి చేతికే ఇచ్చి ముఖానికి ఆనించుకోమనండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయవచ్చని తెలిస్తే సగం భయం పోతుంది.

యంత్రంతోపాటు ఆక్సిజన్ కూడా రాసి ఉంటే, మనిషి మగతగా ఉన్నాడని దాన్ని మీరే పెంచకండి. చెడుగాలి మరింత పేరుకోవచ్చు. పిలిచినా సరిగా పలకకపోయినా, మాట తికమకగా ఉన్నా తెల్లవారే దాకా ఆగకుండా తీసుకురండి. మామూలు చెకప్‌కు వచ్చేటప్పుడు బస్సులో యంత్రం మోయలేకపోతే మాస్కూ గొట్టమూ అయినా సంచిలో వేసుకొని రండి.