యంత్రము కర్తయా? కరణమా?

క్రియయందు స్వతంత్రుఁడు కర్త యనియు, క్రియాసిద్ధికి మిక్కిలి తోడ్పడునది కరణ మనియు వైయాకరణుల మతము. తెలుఁగునఁ గర్మణివాక్యమం దీ రెంటికిని "చేత" యను తృతీయయే వచ్చును. "కార్మికునిచేత బొగ్గు త్రవ్వఁబడెను" అన్నచోఁ గర్త స్పష్టము. "యంత్రముచేత బొగ్గు త్రవ్వఁబడెను" అన్నచో యంత్రము కరణమో, కర్తయో విభక్తినిబట్టి తెలియదు. ఈ సందేహము దేశముయొక్క శాస్త్రసాంకేతిక విధానములందును గలదు.

స్వతంత్రభారతమున 1958లో శాస్త్రవిధాన తీర్మానమును, 1983లో సాంకేతిక విధాన ప్రకటనమును, పిమ్మట 2003, 2013 సంవత్సరములలో మఱి రెండు విధానములును వెలువడెను. శాస్త్రము, సాంకేతికత, నవకల్పన ప్రజలకొఱకే యనుట 2013 నాఁటి విధానమునకు ముఖ్యాశయము. "కొఱకు" చతుర్థి, అది సంప్రదానబోధకము. దీనిచేఁ బ్రజలు ఫలమును గ్రహించువా రైరి. కర్త లైరా యనునదియే విచార్యము.

రామగుండమున జ్యోతినగరము ఎన్.టి.పి.సి. వారి విద్యుత్కేంద్రమునకుఁ జేరిన నివాసస్థానము. ఆ కేంద్రమునకు 1978లో శంకుస్థాపనము జరిగెను. సాంకేతిక విధానము ప్రకటింపఁబడిన 1983లోనే విద్యుదుత్పత్తి మొదలయ్యెను. 2022 జులైలో నచ్చటి జలాశయముపైఁ దేలు 100 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము పూర్తిగాఁ బనిచేయ నారంభించెను. పలకలు నీటిపై నుండుటచే వానికై వేఱు భూమి యక్కఱలేదు. నీ రావిరియగుటయుఁ దగ్గును. ఇచట యంత్రము నిస్సందేహముగాఁ గరణమే.

గనులలో నింత సులభము గాదు. సమీపమందలి అడ్రియాల గనిలో సింగరేణి సంస్థవారు 2014లో లాంగ్‌వాల్ పద్ధతిచే నుత్పత్తి నారంభించిరి. కోఁతయంత్రము బొగ్గుపొరను గోయుచుండఁగా, ఉక్కుతోఁ జేసిన యాధారములు పైకప్పును మోయుచుఁ గ్రమముగా ముందునకు జరుగును. పూర్వము తట్టలతో బొగ్గు నెత్తిన కార్మికుల కష్ట మిందు లేదు. అయినను 2022 మార్చిలో నా గనియందే కప్పు కూలి మువ్వురు మృతినొందిరి.

కర్తృస్వాతంత్ర్యమును వివరించుచు భర్తృహరి, తక్కిన కారకములను బ్రవర్తింపఁజేయుటయే గాక, ప్రవర్తించుచున్నవానిని నివర్తింపఁజేయుటయుఁ గర్తలక్షణముగాఁ జెప్పెను. ఆపఁగలవాఁడే కర్త యని భావము. కావున గనిలో దిగువానికి యంత్రమును నడపు నేర్పు గఱపినంతనే చాలదు. యంత్రమును గొనుటకు మున్ను వాని యనుభవము నడుగవలెను. అపాయశంక తోఁచినపుడు పని నాపు నధికారము, ఆపినందుకు శిక్ష లేదను నభయము వానికుండవలెను. నవకల్పనకై వెచ్చించు ధనములో భాగము వీనికై కేటాయింపఁబడవలెను. అట్లైన నాఁడు "కార్మికులు యంత్రముతో బొగ్గు త్రవ్విరి" యను కర్తరివాక్యము సార్థక మగును. లేనిచో వారు సంప్రదానమని పేరుపడియుఁ గరణములుగానే మిగులుదురు.