నికోబార్ దీవులు: చేతులు మారిన పాలన

విద్యార్థులారా! పటంలో అండమాన్‌కు దక్షిణాన ఉన్న నికోబార్ దీవులను చూడండి. వీటిని మొదట వలసగా చేసుకున్నది బ్రిటిష్‌వారని మీరు అనుకోవచ్చు. కాదు, డెన్మార్క్‌వారు. నేటి తమిళనాడు తీరంలోని తరంగంబాడి అప్పటికే వారి స్థావరం. 1756లో ఈ దీవులు తమవేనని ప్రకటించుకున్నారు. అయితే కాగితం మీద ఏలడం వేరు, అక్కడ బతకడం వేరు. వచ్చినవారిని వచ్చినట్లే మలేరియా బలిగొంది. స్థావరం పెట్టడం, వదిలిపోవడం పదేపదే జరిగింది. డెన్మార్క్ వదిలేసిందనుకుని 1778లో ఆస్ట్రియా తరఫున ఒక ఓడ వచ్చి దిగింది. డెన్మార్క్ అభ్యంతరం చెప్పింది. ఆ వలసా కొన్నేళ్లకే ముగిసింది. కొబ్బరి చెట్లు, పందుల పెంపకం ఆధారంగా తరతరాలుగా జీవిస్తున్న నికోబారీలను మాత్రం ఎవరూ అడగలేదు.

1845లో తరంగంబాడిని బ్రిటిష్‌వారికి అమ్మేశాక డెన్మార్క్‌కు ఈ దీవులతో పనిలేకపోయింది. 1868లో హక్కులు వదులుకుంది. మరుసటి ఏడాది బ్రిటిష్‌వారు స్వాధీనం చేసుకుని కమోర్తాలో ఖైదీల స్థావరం నెలకొల్పారు. 1942 నుంచి 1945 వరకు జపాన్ ఆక్రమణ. స్వాతంత్ర్యంతో భారత్‌లో భాగమైన ఈ దీవులు 1956లో అండమాన్‌తో కలిసి కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి.