మాత్ర వేసుకుంటున్నా చదువు మీద మనసు ఎందుకు నిలవదు?

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి హార్మోన్ వదిలితే ఒళ్లంతా పరుగే. గుండె దడ, చేతుల వణుకు, సరిగా పట్టని నిద్ర. చదివిన వాక్యమే మళ్లీ చదవాల్సి వస్తుంది. అది బద్ధకం కాదు, పెద్దలూ వింటున్నారా!

మరి మాత్ర వేసుకున్న మర్నాడే ఎందుకు తగ్గదు? కార్బిమజోల్ లాంటి మందులు కొత్త హార్మోన్ తయారీకి అడ్డుపడతాయి. గ్రంథిలో ముందే నిల్వ ఉన్నదాన్ని ఏమీ చేయలేవు. పైగా రక్తంలోని టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ సగానికి తగ్గడానికే కొన్ని రోజులు. అందుకే కుదుటపడేసరికి కొన్ని వారాలవుతుంది. ఈలోగా దడ, వణుకు తగ్గడానికి డాక్టర్లు ప్రొప్రనలాల్ ఇస్తుంటారు. ఆస్తమా ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

అప్పటిదాకా పావుగంట చదివి కాసేపు లేవడం, టీచరు చెప్పింది వెంటనే రాసుకోవడం మేలు. కాఫీ వద్దు. కార్బిమజోల్ మోతాదు ఎక్కువైతే మందకొడితనం వస్తుంది కాబట్టి రక్తపరీక్షలు మానకూడదు.