కుంపటి నుండి జడబిళ్ల దాకా: వధువు శిరోభూషణాలు – రూపకర్తగా తెలుగు స్వర్ణకారుడు

1. ఉపోద్ఘాతం

తెలుగువారి పెళ్లి అలంకారంలో శిరస్సుకు విశేష స్థానం ఉంది. పాపిట మీద పాపిడిబిళ్ల, దానికి ఇరువైపులా సూర్యవంక, చంద్రవంకలు, జడ మొదట రాగిడి, జడ పొడవునా జడబిళ్లలు, చివర జడకుప్పెలు, నుదుట బాసికం వధువు అలంకారంలో భాగాలు. వీటిని ధరించిన స్త్రీని కవులు విస్తారంగా వర్ణించారు. వీటిని రూపొందించిన చేతిపై మాత్రం అంతటి దృష్టి పడలేదు. చెప్పిన నగను చేసే పనివాడు కొత్త నగను ఊహించగల రూపకర్తగా ఎదిగే క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శిక్షణ క్రమం

స్వర్ణకారుని చదువు కుంపటి దగ్గర మొదలవుతుంది. ఊదుగొట్టంతో మంటను అదుపు చేయడం, మూసలో లోహాన్ని కరిగించడం తొలి పాఠాలు. కడ్డీని సాగగొట్టి రేకు తీయడం, కమ్మచ్చు బెజ్జాలలో ఒకదాని తరువాత ఒకదాని గుండా లాగి తీగను సన్నం చేయడం తరువాతి దశ. అన్నింటిలోకి కష్టమైనది అతుకు. అతికే లోహం నగలోని లోహం కంటే తక్కువ వేడికే కరగాలి. వెలిగారం పూసి మంట పట్టినప్పుడు క్షణం ఆలస్యమైతే సన్నని తీగ కరిగిపోతుంది. ఇక్కడ కొలమానం లోహం రంగును గుర్తుపట్టే కన్ను మాత్రమే. ఆ కన్ను అభ్యాసంతోనే వస్తుంది.

3. శిరోభూషణాల ప్రత్యేకత

కంఠాభరణం బరువును మెడ, భుజాలు మోస్తాయి. శిరోభూషణం బరువును వెంట్రుకలు మోయాలి. అందువల్ల దీని రూపకల్పన మూడు అంశాలపై ఆధారపడుతుంది. మొదటిది బరువు. బిళ్ల ఎంత పెద్దదిగా కనిపించినా రేకు పలుచగానే ఉండాలి. రెండవది కీలు. జడ కదిలే వస్తువు కనుక దాని నగ ఒకే పలకగా ఉంటే నిలవదు. విడివిడి బిళ్లలుగా చేసి, వెనుక కొంకులు అతకాలి. మూడవది క్రమం. జడ కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి బిళ్లలూ ఆ మేరకు చిన్నవి కావాలి. సూర్యచంద్రవంకల ఆకారాలు వేరైనా, బరువులు సరితూగకపోతే పాపిట ఒక పక్కకు లాగుతుంది.

ఈ సూక్ష్మం రంగస్థలానికీ తెలుసు. భామాకలాపంలో సత్యభామ జడ ఆమె స్వభావానికే చిహ్నం. కూచిపూడి సంప్రదాయంలో తేలికైన కొయ్యతో ఆభరణాలు చేసుకోవడం నర్తనానికి అనువుగా బరువును తగ్గించిన పద్ధతి.

4. రూపకల్పనకు విలువ

సంప్రదాయ వ్యవహారంలో బంగారం కొనుగోలుదారుదే. పనివానికి దక్కేవి తరుగు, మజూరీ. ఇవి ప్రధానంగా బరువును బట్టి లెక్కకు వస్తాయి. శిరోభూషణం విషయంలో ఇది వైరుధ్యానికి దారితీస్తుంది. తేలికగా చేయడమే ఇక్కడ ప్రతిభ. తేలికైనకొద్దీ ఆదాయం తగ్గుతుంది. ఊహకు వేరుగా వెల లేదు.

1963లో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగలు చేయడాన్ని నిషేధించి, స్వర్ణకారుల ఉపాధిని తీవ్రంగా దెబ్బతీశాయి. 1968 నాటి చట్టం నియంత్రణను కొనసాగించింది. అది 1990లో రద్దయింది.

మచిలీపట్నంలోని చిలకలపూడి పేరుపొందిన రోల్డ్‌గోల్డ్ పని మరొక మార్గాన్ని చూపుతుంది. రాగి, ఇత్తడి మీద బంగారు పూత వేసే ఈ విధానంలో ఒక నమూనా పాడైనా నష్టం స్వల్పం. కనుక పెట్టుబడి లేని పనివాడు సైతం కొత్త ఆకారాన్ని ప్రయత్నించగలడు. అయితే అచ్చు ఒకసారి తయారైతే ఎవరైనా దానిని అనుకరించవచ్చు. అప్పుడు రూపకర్త పేరు మళ్లీ మరుగున పడుతుంది.

5. ముగింపు

స్వర్ణకారుడు రూపకర్తగా మారడానికి చేతిపని నైపుణ్యం పునాది. ధరించేవారి శరీరాన్ని అర్థం చేసుకోవడం తరువాతి మెట్టు. ఊహకు ప్రతిఫలం దక్కడం చివరి మెట్టు. మొదటి రెండూ సంప్రదాయం ఇచ్చినవి. మూడవది ఇంకా స్థిరపడలేదు. మాండలిక వృత్తిపదకోశాలు 1962లో వ్యవసాయంతో, 1971లో చేనేతతో చూపిన దారిలో, కమ్మచ్చు, వెలిగారం, తరుగు వంటి మాటలను వాటి వెనుక ఉన్న పని పద్ధతితో సహా నమోదు చేయడం పరిశోధకులు చేపట్టవలసిన పని. మాట ఒక్కటే మిగిలి పని పోతే నిఘంటువులోని అర్థం సగమే మిగులుతుంది.