దుకాణానికి తెర: కొనబోయే ముందు వేసుకోవలసిన లెక్కలు

ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సు కోసం పది నిమిషాలు నిలబడ్డవారికి మన కాలపు వ్యాపారం ఎటు నడుస్తోందో ఇట్టే తెలిసిపోతుంది. టిఫిన్ సెంటరులో దోసెల ధరలు తెర మీద. ఆస్పత్రిలో టోకెన్ నంబరు తెర మీద. నాచారం పారిశ్రామికవాడకు వెళితే, ఏ షిఫ్టులో ఎంత సరుకు తయారైందో కూడా తెర మీదే. ఒకప్పుడు రంగు డబ్బా, కుంచె పట్టుకున్న పెయింటరు చేసిన పని ఇవాళ ఈ తెరలు చేస్తున్నాయి.

తెరలకూ మన ప్రాంతానికీ చుట్టరికం పాతదే. 1967లో అణుశక్తి శాఖ కింద హైదరాబాదులో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 'ఇ.సి.' పేరుతో టెలివిజన్లు తయారుచేసింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైన తరువాత ఆ పెట్టెలు చాలా యిళ్ళలో కొలువుతీరాయి. అయితే అవి సాయంత్రం కాసేపు చూసి ఆపేసే వస్తువులు. దుకాణం తెర సంగతి వేరు. ఈ భేదం తెలియకపోవడం వల్లనే చిన్న వ్యాపారస్తులు నష్టపోతున్నారు. తెరలు బిగించే పనిలో వున్నవాణ్ణి కనుక, రేపు సొంతంగా ఏదైనా పెట్టుకోదలచిన విద్యార్థి మిత్రులకు పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఇంటి టీవీ చాలదా?

అందరూ మొట్టమొదట అడిగే ప్రశ్న యిదే. "అన్నా, ఇంట్ల టీవీ లెక్కనే ఉంది గదా, దీనికి డబుల్ పైసలెందుకు?" అని ఒక టిఫిన్ సెంటరు యజమాని నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. చూపుకు రెండూ ఒకటే. రెండింటిలోనూ వున్నది ద్రవస్ఫటికాల పలక, దాని వెనుక ఎల్.ఇ.డి. దీపాలు. మనం 'ఎల్.ఇ.డి. టీవీ' అని పిలిచేది నిజానికి ఎల్.సి.డి. తెరే.

తేడా ఎంతసేపు పనిచేస్తుందన్న దగ్గర మొదలవుతుంది. ఇంటి టీవీని రోజుకు ఆరేడు గంటల వాడకం దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. పొద్దున ఆరింటికి తెరిచి రాత్రి పదింటికి మూసే టిఫిన్ సెంటరులో అది పదహారు గంటలు వెలగాలి. మూడు షిఫ్టుల ఫ్యాక్టరీలో యిరవైనాలుగు గంటలు. వెనుక దీపాల వెలుగు సగానికి తగ్గడానికి 30,000 గంటలు పడుతుందనుకుందాం. రోజుకు అయిదు గంటలు చూసే యింట్లో అది పదహారేళ్ళు. పదహారు గంటల దుకాణంలో అయిదేళ్ళు. ఫ్యాక్టరీలో మూడున్నర ఏళ్ళు కూడా కాదు. అందుకే వ్యాపార తెరల మీద '16/7' అనో '24/7' అనో రాసివుంటుంది. రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు అని దాని అర్థం.

రెండవది వారంటీ. ఇంటి టీవీల వారంటీ కాగితంలో చాలాచోట్ల, వ్యాపార స్థలంలో వాడితే హామీ వర్తించదని సన్నటి అక్షరాలతో వుంటుంది. దాన్ని కొనకముందే చదవాలి.

మూడవది చాలామంది పట్టించుకోనిది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇంటి టీవీ చాలా వరకు నిద్రలోనే వుండిపోతుంది, ఎవరో ఒకరు రిమోట్ నొక్కాలి. వ్యాపార తెర తనంతట తానే వెలిగి, ఆగినచోటి నుంచి మళ్ళీ పని అందుకునేలా అమర్చుకోవచ్చు. పైగా దారినపోయేవాడు రిమోట్‌తో మార్చకుండా తాళం వేసుకోవచ్చు, నిలువుగా కూడా బిగించుకోవచ్చు. నిలువుగా పెట్టడం అన్ని ఇంటి టీవీలకూ పడదు, లోపలి వేడి బయటికి పోయే దారి మారిపోతుంది.

అలాగని అందరూ ఖరీదైనదే కొనాలని నేను అనను. సాయంత్రం నాలుగు గంటలు మాత్రమే తెరిచే క్లినిక్కులో, నీడపట్టున, వారంటీ షరతు తెలిసి పెట్టుకుంటే ఇంటి టీవీ చాలు.

వెలుగు, ఎండ

తెర వెలుగును 'నిట్'లలో కొలుస్తారు. ఒక చదరపు మీటరు నుంచి ఎన్ని క్యాండెలాల కాంతి వస్తుందన్నదే నిట్. ఇంటి టీవీకి సుమారు 250 నుంచి 350. గది లోపలి వ్యాపార తెరకు 350 నుంచి 700. ఎండకు ఎదురుగా అద్దం వెనుక పెట్టే తెరకు 2,500, ఆపైన కావాలి. గదిలో దీపాల వెలుతురు 300-500 లక్సులైతే, బయట నడినెత్తి ఎండ లక్ష లక్సులు. ఆ ఎండ ముందు ఇంటి టీవీ దివిటీ ముందు మిణుగురే.

పైన చెప్పిన యజమాని చివరికి ఇంటి టీవీయే కొని, పడమటి ముఖంగా వున్న అద్దం వెనుక పెట్టాడు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం తెర మధ్యలో నల్లటి మచ్చ మొదలైంది. సాయంత్రం చల్లబడ్డాక పోయేది, మర్నాడు మళ్ళీ వచ్చేది. కారణం యిది: ద్రవస్ఫటికాలు ఒక స్థాయికి మించి వేడెక్కితే తమ వరుసక్రమం కోల్పోయి ఉత్త ద్రవం అయిపోతాయి, వెలుగును మలిచే శక్తి వాటికి పోతుంది. రోజూ యిలా జరిగితే పలక శాశ్వతంగా పాడవుతుంది. ఎండ తెరల్లో ఎక్కువ వేడిని ఓర్చుకునే ద్రవస్ఫటికాలు వాడతారు. అతని తెర వానాకాలం రాకముందే పోయింది. వ్యాపార స్థలం కనుక వారంటీ లేదన్నారు. తెర పోయినా దాని మీద చేసిన అప్పు మిగిలింది.

తెలుగు అక్షరానికి ఎంత చోటు?

అమ్మేవారి పుస్తకాలలో కనిపించని లెక్క యిది. పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవడానికి అక్షరం ఒక అంగుళం ఎత్తు వుండాలని ఒక వాడుక. అది ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు సరిపోతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు వుంటాయి. 'రాష్ట్రం' అన్న మాటలో 'ష' కింద రెండు వత్తులు. వరుస ఎత్తులో అసలు అక్షరానికి దక్కేది సుమారు సగమే.

55 అంగుళాల తెర ఎత్తు దాదాపు 68 సెంటీమీటర్లు. పన్నెండు వరుసల మెనూ వేస్తే వరుసకు 5.7 సెంటీమీటర్లు, అందులో అక్షరానికి ఒక అంగుళం మాత్రమే. అంటే పది అడుగుల దూరంలో నిలబడ్డవాడికి సుఖం, యిరవై అడుగుల దూరంలో వరుస చివర వున్నవాడికి కష్టం. అతను కూడా చదవాలంటే ఆరు వరుసలే వెయ్యాలి, లేదా రెండో తెర పెట్టాలి.

మెనూ రోజంతా కదలకుండా వుంటుంది కనుక ఓ.ఎల్.ఇ.డి. తెర వద్దు. అందులో ఒకే బొమ్మ దీర్ఘకాలం నిలిస్తే దాని నీడ శాశ్వతంగా ముద్రపడే ప్రమాదం వుంది.

వీధి బోర్డులు

ఉప్పల్ స్టేడియంలో స్కోరు చూపే పెద్ద తెరల జాతి వేరు. అక్కడ ఎల్.ఇ.డి. దీపాలే చుక్కలు. నీలి ఎల్.ఇ.డి. లేకుండా అన్ని రంగులూ రావు. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇందులో 'పి10' అంటే చుక్కకూ చుక్కకూ మధ్య 10 మిల్లీమీటర్లు, 'పి2.5' అంటే రెండున్నర. ఎన్ని మిల్లీమీటర్ల ఎడమో కనీసం అన్ని మీటర్ల దూరం నుంచి చూడాలన్నది మోటు లెక్క. చదరపు మీటరులో పి10కి 10,000 చుక్కలు, పి2.5కు 1,60,000. చుక్కలు పెరిగేకొద్దీ ఖర్చు కూడా పైకి పోతుంది. రోడ్డు అవతలి నుంచి చూసే బోర్డుకు పి2.5 కొనడం దండగ, కౌంటరు దగ్గర పి10 పెట్టడం వృథా.

మామూలు పి10 పలక ఎత్తు 16 చుక్కలే. అందులో ఒక వరుస ఇంగ్లీషు బాగానే పడుతుంది కాని 'రాష్ట్రం' అలుక్కుపోతుంది. తెలుగుకు రెండు పలకల ఎత్తు, అంటే 32 చుక్కలు అడగండి. ఎత్తు విషయంలో నిబంధనలూ వున్నాయి. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం హైదరాబాదు నగరంలో నేల నుంచి 15 అడుగుల పైన ప్రకటనలు వుండరాదని ఉత్తర్వు తెచ్చింది. బోర్డు చేయించే ముందు పురపాలక కార్యాలయంలో కనుక్కోవడం మేలు.

డబ్బు లెక్క

150 వాట్ల తెర పదహారు గంటలు వెలిగితే రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. యూనిట్ పది రూపాయలనుకుంటే నెలకు 720, అయిదేళ్ళకు 43,200. తెర ధరతో పాటు యిది కూడా ధరే. 32 అంగుళాలకు మించిన టీవీల మీదా మానిటర్ల మీదా జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. రిజిస్టరైన వ్యాపారి ఈ పన్నును తాను కట్టవలసిన పన్నులో సర్దుకోవచ్చు. అయిదు శాతం పన్ను కట్టే హోటళ్ళకు మాత్రం ఆ వీలు లేదు. మెనూ మార్చే సాఫ్ట్‌వేరుకు ఏటేటా చందా వుంటుందేమో అడగాలి. పెన్‌డ్రైవుతో నడిచే పనికి చందా ఎందుకు?

కాబట్టి కొట్టుకు వెళ్ళేముందు అయిదు విషయాలు కాగితం మీద రాసుకోండి: రోజుకు ఎన్ని గంటలు, ఎండ ఎటునుంచి, ఎంత దూరం నుంచి చదవాలి, ఎన్ని వరుసల తెలుగు, పాడైతే ఎవరు ఎన్ని రోజుల్లో వస్తారు. చివరి ప్రశ్నకు జవాబు నోటిమాటగా కాక బిల్లు మీద రాయించుకోండి. ఈ అయిదింటికీ జవాబు చెప్పలేని దుకాణంలో తెర ఎంత మెరిసినా డబ్బు తియ్యకండి.